బాస్తియా కంటికి కనపడనివాళ్ళు

1

ఫ్రెడెరిక్ బాస్తియాను గురించి మనవాళ్ళకు ఒక్క వాక్యమే తెలుసు. ఆ వాక్యమైనా మార్క్స్‌ది. 1873లో కాపిటల్ మొదటి సంపుటం రెండో ముద్రణకు రాసిన మలిమాటలో, పెట్టుబడిదారీ విధానాన్ని వెనకేసుకొచ్చే పైపై అర్థశాస్త్రానికి ఇతను అందరికన్నా లోతు తక్కువైన ప్రతినిధి అనీ, లోతు తక్కువ గనకనే సరైన ప్రతినిధి అనీ మార్క్స్ ఎత్తిపొడిచాడు. ఎత్తిపొడుపు బాగానే ఉంది. కాని దాన్ని కంఠతా పట్టి, బాస్తియా పని అయిపోయిందనుకోవడం బాగా లేదు. మార్క్స్ ఆ మాట అనే ముందు బాస్తియాను చదివాడు. 1857 జులైలో బాస్తియా, కేరీలను గురించి తన నోటుపుస్తకంలో ప్రత్యేకంగా విమర్శ రాసుకున్నాడు. మనం చదవలేదు. చదవకుండా కొట్టిన దెబ్బ ఎదటివాడికి తగలదు.

తగలలేదనడానికి నిదర్శనం కావాలంటే చూడండి. ఈ మనిషి 1850లో చనిపోయాడు. 1946లో అమెరికాలో హెన్రీ హాజ్‌లిట్ అనే పత్రికారచయిత ఒక్క పాఠంలో అర్థశాస్త్రం చెబుతానని పుస్తకం రాసి, ఆ ఒక్క పాఠాన్నీ బాస్తియా దగ్గరే తీసుకున్నాడు. 1950లో, అంటే సరిగ్గా నూరేళ్ళకు, అక్కడి స్వేచ్ఛా విపణి సంస్థ ఒకటి బాస్తియా ‘చట్టం’ పుస్తకాన్ని కొత్తగా ఇంగ్లీషు చేయించి ఊరూరా పంచింది. తరవాత అధ్యక్షుడైన రీగన్ తనను ప్రభావితం చేసినవారిలో ఇతని పేరు చెప్పుకున్నాడు. పండితుల అర్థశాస్త్రం మటుకు ఇతన్ని ఎన్నడూ పెద్దపీట మీద కూర్చోబెట్టలేదు. షుంపీటర్ మార్క్సిస్టు కాడు. ఆయన కూడా ఇతన్ని గొప్ప పత్రికారచయితగా మెచ్చుకుని, సిద్ధాంతకర్తగా లెక్కలోకే తీసుకోలేదు. అయినా చదివేవాళ్ళు చదువుతూనే ఉన్నారు.

నా తరగతిలో కూర్చునే పిల్లల్లో కూడా కొందరు ‘చట్టం’ చదివారు. చిన్న పుస్తకం, గంటన్నరలో అయిపోతుంది. వీళ్ళు డబ్బున్నవాళ్ళ పిల్లలు కారు. లంచాలూ లైసెన్సులూ చూసి విసిగినవాళ్ళు, ప్రభుత్వం ఎవరికి కొమ్ము కాస్తుందో ఇంట్లోనే అనుభవించినవాళ్ళు. “ఇందులో తప్పేముంది, సార్?” అని అడుగుతారు. వాళ్ళకు మార్క్స్ తిట్టు ఒకటి అప్పజెప్పి పంపడం అధ్యాపకుడు చేయవలసిన పని కాదు.

నేను తెలుగు సాహిత్యం చదువుకుని, దాన్నే చెప్పుకుంటున్నవాణ్ణి. అర్థశాస్త్రం నా శాస్త్రం కాదు. అయినా ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఎందుకంటే బాస్తియా బలం లెక్కల్లో లేదు, కథల్లో ఉంది. అతను నీతికథలు రాశాడు, సంభాషణలు రాశాడు, వెక్కిరింపు అర్జీలు రాశాడు. కథలో పాత్ర ఎక్కణ్ణుంచి వచ్చింది, కథకుడు ఏది చెప్పాడు, ఏది మింగాడు అని అడగడం మా వృత్తి. బాస్తియా లోకానికిచ్చిన ప్రసిద్ధ సూత్రం ఒకటుంది: కనిపించేదాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పకు, కనిపించనిదాన్ని కూడా లెక్కలోకి తీసుకో. మంచి సూత్రం. దాన్ని అతని కథలకే పెట్టి చూద్దాం.

2

ముందు మనిషి సంగతి.

బాస్తియా 1801లో ఫ్రాన్సుకు నైరుతి మూల, స్పెయిన్ సరిహద్దు దాపున ఉన్న బయోన్ రేవుపట్టణంలో, వర్తక కుటుంబంలో పుట్టాడు. నెపోలియన్ యుద్ధాలూ రేవుల దిగ్బంధమూ ఆ పట్టణపు వర్తకాన్ని చావుదెబ్బ తీశాయి. పదేళ్ళు నిండకుండానే తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే తాతా, మేనత్తా పెంచారు. పదిహేడేళ్ళకు చదువు మధ్యలో వదిలి కుటుంబ వర్తకంలో కూర్చున్నాడు. 1825లో తాత పోగా ముగ్రాన్ అనే ఊళ్ళోని ఎస్టేటు చేతికొచ్చింది. అక్కడ ఇరవయ్యేళ్ళపాటు భూస్వామిగా, 1831 నుంచి స్థానిక న్యాయాధికారిగా ఉంటూ, కూద్రోయ్ అనే స్నేహితుడితో కలిసి పుస్తకాలు చదువుకున్నాడు. 1844లో ‘అర్థశాస్త్రజ్ఞుల పత్రిక’కు ఫ్రెంచి, ఇంగ్లీషు సుంకాలను గురించి ఒక వ్యాసం పంపితే పారిస్ పండితులు ఉలిక్కిపడి, ఎవరితను అని విచారించారు. అప్పటికి అతనికి నలభై మూడేళ్ళు. ఆరేళ్ళలో ఆయువు తీరిపోయింది. పేరు తెచ్చిన రచనలన్నీ ఈ ఆరేళ్ళలో రాసినవే. క్షయ పీక నొక్కుతుండగా చివరి పుస్తకాలు రాసి, 1850 డిసెంబరు 24న రోమ్‌లో కన్నుమూశాడు.

ఇతను అమ్ముడుపోయిన కలం అని మనలో ఎవరైనా అంటే అది అబద్ధం. 1840లలో ఫ్రాన్సులో ఓటు సుమారు రెండున్నర లక్షలమంది ధనికులకే ఉండేది. ఇనుప కొలుముల యజమానులు, అడవుల యజమానులు, పెద్ద భూస్వాములు, నూలు మిల్లులవాళ్ళు చట్టసభను గుప్పిట్లో పెట్టుకుని, పరాయి దేశపు సరుకు మీద సుంకాలు వేయించి, తమ సరుకును జనానికి ఎక్కువ ధరకు అంటగట్టేవాళ్ళు. బాస్తియా వీళ్ళ మీద విరుచుకుపడ్డాడు. 1845లో అతను రాసిన కొవ్వొత్తుల వర్తకుల అర్జీ ఈ పోరాటంలో పుట్టిందే. సూర్యుడనే పరాయివాడు వెలుగును ఊరకే ఇచ్చి మా వ్యాపారాన్ని నాశనం చేస్తున్నాడు గనక, దేశంలోని కిటికీలన్నీ మూయించండి మహాప్రభో అని కొవ్వొత్తులవాళ్ళు చట్టసభకు మొరపెట్టుకుంటారు. వ్యంగ్యం ఎలా ఉండాలో చెప్పవలసి వచ్చినప్పుడు ఈ అర్జీని నేను తరగతిలో సంతోషంగా ఉదహరిస్తాను. ఆ కొరడా దెబ్బ తగిలింది పేదవాడికి కాదు.

కాని ఆ ముగ్రాన్ ఎస్టేటు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అంతకు ముందు ఆ భూములు పొయాన్ మార్క్వీ అనే జమీందారువి. బాస్తియా కుటుంబానికి అవి దక్కింది ఫ్రెంచి విప్లవ కాలంలో. చట్టం తిరగబడి ఒక వర్గం ఆస్తి హక్కుల్ని కుదిపివేయకపోతే, ఇలాంటి ఎస్టేట్లు రేవుపట్టణపు వర్తకుల చేతికి వచ్చేవి కావు. ఆ నేలను దున్నింది బాస్తియా కాదు. పంటలో పాలు ఇచ్చుకునే కౌలుదార్లు. ఆ పాలు మీద బతుకుతూ, ఆ తీరికలో కూర్చుని, ఆస్తి అనేది చట్టానికి ముందే ఉంది, చట్టం దాన్ని కాపాడటానికే పుట్టింది అని అతను రాశాడు. ఇందుకు అతన్ని దొంగ అనడం లేదు. మనిషి తన కాళ్ళకింద నేలను చూడలేకపోవడం లోకసహజం. కాని కనిపించనిదాన్ని చూడమని లోకానికి చెప్పినవాడు ముందు ఆ నేలనే చూసి ఉండవలసింది.

3

అతని కథల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది పగిలిన కిటికీ అద్దం కథ. 1850 జులైలో అచ్చయిన ‘కనిపించేదీ, కనిపించనిదీ’ అనే పుస్తకానికి ఇది మొదటి అధ్యాయం. జాక్ బొనోమ్ అనే గృహస్థు కొడుకు అద్దం పగలగొట్టాడు. చుట్టూ చేరినవాళ్ళు ఓదారుస్తారు: అద్దాలు పగలకపోతే అద్దాలు బిగించేవాడు ఎలా బతుకుతాడు, పోయిన ఆరు ఫ్రాంకులూ వాడికి పని ఇచ్చాయి కదా అని. బాస్తియా అడ్డుపడతాడు. ఆ ఆరు ఫ్రాంకులు అద్దానికి పోకపోతే జాక్ జోళ్ళు కొనుక్కునేవాడు. అద్దాలవాడి లాభం కనిపిస్తుంది. జోళ్ళు కుట్టేవాడి నష్టం కనిపించదు. మొత్తం మీద సమాజానికి ఒక అద్దం దండగ.

ధ్వంసం సంపద కాదు. యుద్ధాలు వస్తే పరిశ్రమలు బాగుపడతాయనే ప్రబుద్ధులు ఇవాళ కూడా ఉన్నారు. వాళ్ళ నోరు మూయించడానికి ఈ కథ చాలు. ఇంతవరకు బాస్తియాతో మనకు తగవు లేదు.

తగవు తరవాతి అధ్యాయాల్లో వస్తుంది. ఈ అద్దాన్ని చేతబట్టుకుని అతను ప్రజాపనులు, కళలకు సహాయం, నాటకశాలలకు గ్రాంట్లు అంటూ ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి, ఇది కూడా పగిలిన అద్దమే అంటాడు. పన్నుతో ప్రభుత్వం ఒక కూలీకి పని ఇస్తే, ఆ పన్ను కట్టినవాడు పని ఇవ్వగలిగిన మరొక కూలీ పని పోగొట్టుకున్నాడని లెక్క చెబుతాడు. ఈ లెక్క కుదరాలంటే ఒక షరతు ఉండాలి: జాక్ జేబులో ఉన్న ఆరు ఫ్రాంకులు తప్పకుండా జోళ్ళవాడి దగ్గరికి నడిచి వెళ్ళాలి. వెళ్ళకపోతే? దాచిన డబ్బు కూడా బాంకు ద్వారా ఎవరికో పని ఇస్తుంది, దాచడం కూడా ఖర్చే అని బాస్తియా జవాబు. ఈ జవాబు అతను రాసేనాటికి దేశంలో ఏం జరిగిందో చూడండి. 1846లో పంటలు పోయాయి. 1847లో వ్యాపార సంక్షోభం వచ్చింది. 1848 మార్చిలో ఫ్రాన్సు బాంకు తన నోట్లకు వెండి ఇవ్వడమే మానుకుంది. డబ్బున్నవాడు దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పారిస్‌లో అద్దాలవాడూ జోళ్ళవాడూ ఇద్దరూ పని లేకుండా కూర్చున్నారు. జాతీయ పనిశాలల్లో పేరు నమోదు చేసుకున్నవాళ్ళు లక్ష దాటారు. ఇంతమంది ఒకేసారి సోమరులైపోయారా? పని అడిగే చేతులకూ, మూసి ఉన్న పెట్టెకూ మధ్య బాస్తియా చెప్పిన దారి తెగిపోయింది. ఆ తెగిన దారిని 1936లో కీన్స్ అనే బూర్జువా అర్థశాస్త్రవేత్తే సిద్ధాంతం చేసి చూపించాడు గనక ఇది కేవలం మన పక్షంవాళ్ళ కోపం అనడానికి వీల్లేదు.

ఇక సాహిత్యం చెప్పేవాడిగా నా కంటికి కొట్టవచ్చినట్టు కనిపించింది జాక్ పేరు. జాక్ బొనోమ్ బాస్తియా సృష్టించిన పాత్ర కాదు. ఫ్రెంచి ప్రభువులు తమ రైతును వెక్కిరించడానికి పెట్టిన పేరది. మన దొరల నోట వెట్టివాడి పేరు ఎలా పలికేదో, అక్కడ ఈ పేరు అలా పలికేది. 1358లో ఈ జాక్‌లు తిరగబడి గడీలను తగలబెడితే, ఆ తిరుగుబాటుకు జాకెరీ అనే పేరు నిలిచిపోయింది. ఐదువందల ఏళ్ళ అవమానమూ నెత్తురూ ఆ పేరులో ఉన్నాయి. బాస్తియా ఆ పేరునే ఎత్తుకొచ్చి, దాన్ని ఒక బూర్జువా గృహస్థుకు తగిలించాడు. ఆ మాట నాది కాదు, అతని కథలోనే జాక్ మంచి బూర్జువా. ఇతనికి ఇల్లుంది, ఇంటికి అద్దాల కిటికీ ఉంది, జేబులో ఆరు ఫ్రాంకులున్నాయి, వాటిని జోళ్ళకు ఖర్చు పెట్టాలా, పుస్తకానికి ఖర్చు పెట్టాలా అనే సందేహముంది. కిటికీ లేనివాడు జాక్ బొనోమ్ పేరులో నుంచి ఖాళీ చేయబడ్డాడు.

ఇది పొరపాటున జరిగింది కాదు. 1848 జూన్‌లో బాస్తియా, అతని మిత్రులూ పారిస్ పనివాళ్ళ కోసం ఒక చిన్న పత్రిక పెట్టారు. దాని పేరు కూడా ‘జాక్ బొనోమ్’. అది కొద్ది సంచికలే వచ్చింది. జూన్ 21న పనిశాలల్లోని యువకులను సైన్యంలో చేరమనీ, మిగతావాళ్ళను దూర ప్రాంతాలకు పొమ్మనీ ఉత్తర్వు వచ్చింది. 23న అసలైన జాక్ వీధుల్లోకి వచ్చి అడ్డుగోడలు కట్టాడు. నాలుగు రోజుల్లో కవేన్యాక్ సేనాని అతన్ని ఫిరంగులతో అణచివేశాడు. వేలమంది చచ్చారు, వేలమందిని దేశాంతరం పంపారు. కాగితం మీది జాక్‌కూ, వీధిలోని జాక్‌కూ మధ్య ఎంత దూరం ఉందో ఆ నాలుగు రోజులు తేల్చాయి.

4

రెండో కథ చిత్రిక కథ. 1849లో పెట్టుబడి, వడ్డీలను గురించి రాసిన పుస్తకంలో ఉంది. ఒక వడ్రంగి పది రోజులు కష్టపడి చిత్రిక ఒకటి చేసుకున్నాడు. అది ఉంటే ఏడాది పొడుగునా పని సుళువవుతుంది. ఇంకో వడ్రంగి వచ్చి దాన్ని ఏడాదికి ఎరువు అడిగాడు. ఏడాది తరవాత అరిగిపోయిన చిత్రికకు బదులు కొత్తది ఇస్తానన్నాడు. మొదటివాడు అన్నాడు: బాగానే ఉంది, కాని ఈ ఏడాదీ దీనివల్ల నాకు కలిగే లాభం నీకు పోతోంది కదా, దానికి బదులేమిటి? సరేనని కొత్త చిత్రికతో పాటు ఒక చెక్కపలక కూడా ఇచ్చేట్టు బేరం కుదిరింది. ఆ పలకే వడ్డీ. ఇందులో ఎవరు ఎవర్ని దోచారు అని బాస్తియా ప్రశ్న.

కథలో ఉన్నంత మేరకు ఎవరూ ఎవర్నీ దోచలేదు. ఇద్దరూ వడ్రంగులే, ఇద్దరూ కష్టజీవులే. కాని కథకుణ్ణి ఒక ప్రశ్న అడగాలి. ఆ రెండోవాడు తనే పది రోజులు కూర్చుని చిత్రిక ఎందుకు చేసుకోలేదు? పనితనం లేదా? ఏడాది తిరిగేలోగా కొత్త చిత్రిక చేసి ఇస్తానన్నాడు గనక ఉంది. కలప లేదా? పలక కూడా ఇస్తానన్నాడు గనక అదీ దొరుకుతుంది. మరేం లేదు? పది రోజులు లేవు. అంటే, పది రోజులు సంపాదన లేకుండా పెళ్ళాం బిడ్డలకు తిండి పెట్టగలిగే గ్రాసం లేదు. మొదటివాడికి ఉంది. ఎక్కడిది? కథ చెప్పదు. ఈ పది రోజుల గ్రాసమే ఈ కథలో కనిపించనిది. రాజకీయార్థశాస్త్రం మొత్తం ఆ పది రోజుల్లో ఉంది. అది లేనివాడు ఏడాది ఏడాదికీ పలకలు ఇచ్చుకుంటూనే ఉంటాడు. ఉన్నవాడు కొన్నాళ్ళకు చిత్రిక పట్టడమే మానేసి పలకలు అమ్ముకుంటాడు. ఆ తరవాత కూడా బాస్తియా అతన్ని వడ్రంగి అనే పిలుస్తాడు.

ఇంకొక మాయ కూడా ఉంది. చిత్రికను చేసింది దాని యజమానే. చేసినవాడికి దాని మీద హక్కు ఉందని మన మనస్సు వెంటనే ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలును జేబులో వేసుకుని బాస్తియా నూలు మిల్లు దగ్గరికి నడుస్తాడు. లీల్ పట్టణంలోని మిల్లు యజమాని కదురు చేశాడా, ఆవిరియంత్రం పోతపోశాడా, గోడ కట్టాడా? ఒకడి చేతిపని మీద పుట్టిన గౌరవాన్ని ఇంకొకడి ఆస్తికి బదిలీ చేయడం కథ ఒక్కటే చేయగలదు. తర్కం చేయలేదు.

ఈ వడ్డీ విషయం మీదనే 1849 చివర నుంచి 1850 మొదటి నెలల దాకా బాస్తియాకూ ప్రూధాన్‌కూ పెద్ద వాదం జరిగింది. అది ప్రూధాన్ పత్రికలోనే ఉత్తరాలుగా అచ్చయింది. మర్యాదగా సాగిన వాదమే. కాని ఒక చిన్న విషయం గమనించండి. ఆ ఉత్తరాలు రాసేనాటికి ప్రూధాన్ జైల్లో ఉన్నాడు, లూయీ నెపోలియన్ అధ్యక్షుణ్ణి విమర్శించిన నేరానికి. స్వేచ్ఛగా జరిగే బేరంలో రెండు పక్షాలూ సమానమే అని బయటనుంచి ఒకరు రాస్తున్నారు. రెండో పక్షం కటకటాల వెనక కూర్చుని జవాబు రాస్తోంది.

5

ఇక ‘చట్టం’. మన పిల్లలు చదివేది దీన్నే గనక దీని సంగతి కొంచెం విడమరచాలి.

పుస్తకంలోని వాదం చాలా సులభం. మనిషికి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి పుట్టుకతో వచ్చాయి. వాటిని కాపాడుకునే హక్కును అందరూ కలిసి అప్పగిస్తే చట్టమైంది. అంతకు మించి చట్టం ఒకడి దగ్గర తీసి ఇంకొకడికి ఇచ్చిందా, అది చట్టబద్ధమైన దోపిడీ. ఆ దోపిడీల జాబితా కూడా ఇచ్చాడు. అందులో రక్షణ సుంకాలున్నాయి, యజమానులకిచ్చే సబ్సిడీలున్నాయి. భేష్ అంటాం. అదే వరసలో ఎక్కువ ఆదాయానికి ఎక్కువ రేటు పన్ను ఉంది, పని హక్కు ఉంది, ఆపన్నులకు సహాయం ఉంది, ఉచిత విద్య ఉంది. అన్నీ ఒక్క తాడుకు కట్టాడు.

నేను ప్రభుత్వ వసతిగృహంలో ఉండి, స్కాలర్‌షిప్పు మీద చదువుకున్నవాణ్ణి. ‘చట్టం’ చదివి నన్ను ప్రశ్నించే పిల్లల్లో చాలామంది ఇవాళ అలాగే చదువుతున్నారు. బాస్తియా లెక్కలో నేనూ, వాళ్ళూ ఇనుప కొలుముల యజమాని పక్కన నిలబడవలసిన దోపిడీదార్లం. దోపిడీ అనే మాటను మనం వాడతాం, అతనూ వాడతాడు. అందువల్లనే పిల్లలకు ఇతను మనవాడిలా వినిపిస్తాడు. తేడా ఏమిటంటే, అతని దోపిడీదారు ఎప్పుడూ ప్రభుత్వం ఆఫీసులోనే దొరుకుతాడు. మిల్లు లోపల, పొలం గట్టు మీద, వడ్డీ చిట్టాలో ఎన్నడూ దొరకడు. దారిద్ర్యం లేదని బాస్తియా అనలేదు. దాన్ని చట్టం పుట్టించిందన్నాడు. అయితే అదే చట్టం ఆస్తిని పుట్టించిన సంగతి, ముగ్రాన్‌లో తన ఎస్టేటు సాక్షిగా, మరిచిపోయాడు.

ఈ పుస్తకం వెలువడింది 1850 జూన్‌లో. అంతకు కొద్ది రోజుల ముందే, మే 31న, ఫ్రెంచి చట్టసభ ఒక చట్టం చేసింది. ఒకే చోట మూడేళ్ళు నివాసం రుజువు చేసుకోలేనివాడికి ఓటు లేదన్నారు. పని వెతుక్కుంటూ ఊరు మారే కూలీ మూడేళ్ళు ఒకచోట ఎలా ఉంటాడు? సుమారు ముప్పై లక్షలమంది ఓటు ఒక్క కలం పోటుతో పోయింది. ఆ నెలలోనే చట్టం స్వభావాన్ని గురించి పుస్తకం వేసిన బాస్తియా, అందులో ఓటు సమస్యకు చెప్పిన పరిష్కారం ఇది: చట్టం తన హద్దులో ఉండి అందరి ఆస్తినీ కాపాడే పని మాత్రమే చేస్తే, ఓటు ఎవరికుంది ఎవరికి లేదు అనేది అంత పెద్ద విషయం కాదు. ఆస్తి ఉన్నవాడికి ఇది నిజమే. కాపాడవలసింది ఏమీ లేనివాడు ఆ మాటకు ఏమని జవాబు చెప్పాలి? ఓటు పోయిందని ఏడ్చేవాడికి, నీ ఇంటికి తాళం గట్టిగానే ఉంది కదా అన్నట్టుంది. వాడికి ఇల్లే లేదు.

6

అతని కాలంలో ఇవన్నీ ఎవరికీ కనిపించలేదా? కాలమే అలాంటిది అని వకాల్తా పుచ్చుకునేవాళ్ళ కోసం చెబుతున్నాను. కనిపించాయి. సోషలిస్టులకే కాదు.

1840లో విల్లెర్మే అనే వైద్యుడు నూలు, పట్టు, ఉన్ని మిల్లుల్లోని కార్మికుల స్థితిని ఊరూరా తిరిగి చూసి పెద్ద నివేదిక అచ్చు వేశాడు. ఆ దుమారం తరవాత 1841లో ఫ్రాన్సులో పిల్లల పని మీద మొదటి చట్టం వచ్చింది. ఆ చట్టం ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని ఫాక్టరీల్లో పెట్టవద్దన్నది. అంటే అప్పటిదాకా పెట్టేవాళ్ళన్నమాట. 1848 జూన్ నెత్తురు ఆరకముందే అడోల్ఫ్ బ్లాంకీ అనే అర్థశాస్త్రవేత్తను పండిత పరిషత్తు దేశం మీదికి పంపింది. ఇతను విప్లవకారుడైన బ్లాంకీకి అన్న. కాని రాజకీయాల్లో తమ్ముడికి వ్యతిరేకి, బాస్తియాలాగే స్వేచ్ఛా వ్యాపారవాది, అదే పరిషత్తు సభ్యుడు. ఇతను లీల్‌లో నేలమాళిగల్లో కాపురముంటున్న నేతపనివాళ్ళను చూసి దాచకుండా రాశాడు. బాస్తియా మిత్రపక్షంవాడే దిగి చూసిన మెట్లు అవి. బాస్తియా దిగలేదు.

బాస్తియా సభ్యుడుగా ఉన్న చట్టసభలోనే విక్టర్ హ్యూగో కూడా సభ్యుడు. హ్యూగో అప్పటికి మనవాడేం కాడు. 1848 జూన్‌లో తిరుగుబాటును అణచినవాళ్ళ పక్షానే నిలబడ్డాడు. అయినా 1849 జులై 9న సభలో లేచి, బాధను లోకంలో నుంచి తీసెయ్యలేకపోవచ్చు గాని దారిద్ర్యాన్ని నిర్మూలించవచ్చు, అది మీ బాధ్యత అని చట్టాలు చేసేవాళ్ళ ముఖం మీద చెప్పాడు. పారిస్‌లో ఆకలితో చచ్చిపోయిన ఒక రచయిత సంగతి సభకు వినిపించాడు. అతని దారి అక్కణ్ణుంచి ‘లే మిజెరాబ్ల్’ దాకా పోయింది. ‘బీదలపాట్లు’ అనే పేరుతో 1950లో మన తెలుగు తెర దాకా వచ్చింది. బాస్తియా దారి ‘ఆర్థిక సామరస్యాలు’ అనే పుస్తకం దాకా పోయింది. 1991 జులై 24న మన ఆర్థికమంత్రి మార్కెట్టు తలుపులు బార్లా తెరుస్తూ చేసిన బడ్జెట్ ప్రసంగంలో హ్యూగో పేరు తలుచుకున్నాడు. తలుచుకోవలసిన పేరు అదే సభలో ఇంకో బల్ల మీద కూర్చున్న మనిషిది.

‘ఆర్థిక సామరస్యాలు’లో బాస్తియా ఒక భవిష్యత్తు చెప్పాడు. సమాజంలో జరిగేదంతా సేవకు సేవ మార్పిడే. పెట్టుబడి పెరిగినకొద్దీ ఉత్పత్తిలో దాని వంతు నిష్పత్తిలో తగ్గుతుంది, శ్రమ వంతు పెరుగుతుంది. వదిలేస్తే అందరూ దగ్గరవుతారు. జోస్యం చెప్పినవాణ్ణి పంటతో కొలవాలి. ఫ్రాన్సులో వారసత్వపు రికార్డులు రెండు శతాబ్దాలకు పైగా ఉన్నాయి. వాటిని తవ్వి తీసిన పికెటీ 2013లో వేసిన పుస్తకం చెప్పే లెక్క ఇది: పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో నూటికి పదిమంది చేతుల్లో దేశ సంపదలో 80 నుంచి 85 వంతులుండేవి. బాస్తియా పోయిన అరవయ్యేళ్ళకు, 1900-1910 నాటికి, అది సుమారు 90 వంతులైంది. ఆ తరవాత ఆ వంతు తగ్గింది. సామరస్యంవల్ల కాదు, రెండు ప్రపంచ యుద్ధాలవల్ల, ఆదాయాన్నిబట్టి పెరిగే పన్నువల్ల, కార్మిక చట్టాలవల్ల. అంటే బాస్తియా దోపిడీ అన్నవాటిలో కొన్ని వచ్చాకనే, అతను ఆశపెట్టిన ఫలితం కొంతైనా వచ్చింది.

7

అతని శిష్యులతో ఒక మాట చెప్పాలి. మీరు మీ గురువును కూడా పూర్తిగా చదవలేదు.

మీ గురువు చట్టసభలో ఏ పక్షానికీ బానిస కాలేదు. సోషలిస్టు లూయీ బ్లాంక్‌ను విచారణకు అప్పగించాలన్నప్పుడు, సిద్ధాంతంలో తన పరమ శత్రువైనా, వద్దని ఓటు వేశాడు. అల్జీరియాను వలస చేసుకోవడం దండగ అని రాశాడు. సైన్యం తగ్గించమన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, 1849 నవంబరు 17న సభలో లేచి, కార్మికులు కలిసికట్టుగా పని మానుకోవడం నేరం కాదనీ, దాన్ని నేరం చేసే శిక్షాస్మృతి నిబంధనలు అన్యాయమనీ వాదించాడు. ఒక్కడు పని మానుకోవడం నేరం కానప్పుడు పదిమంది మానుకోవడం ఎలా నేరమవుతుంది అని అతని తర్కం. ఆ రోజు అతని మాట నెగ్గలేదు. సమ్మె ఫ్రాన్సులో నేరం కాకుండా పోయింది 1864లో. ఇవాళ అతని పేరు చెప్పుకుని మార్కెట్టు స్వేచ్ఛను కీర్తించేవారి నోట ఈ ప్రసంగం ఎందుకు వినిపించదు? 2020లో మన పార్లమెంటు పారిశ్రామిక సంబంధాల స్మృతిని ఆమోదించి, సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు ప్రతి సంస్థలోనూ తప్పనిసరి చేసినప్పుడు, గురువుగారి మాట ఎందరికి గుర్తొచ్చింది? శిష్యులు గురువు దగ్గర తీసుకున్నది ఆస్తికి కాపలా ఒక్కటే. స్వేచ్ఛను అక్కడే వదిలేశారు.

మనవాళ్ళతో ఇంకో మాట. బాస్తియాను ఓడించడానికి తిట్టు చాలదు, అంకెలు కూడా చాలవు. అంకెల పట్టిక ఎదురుగా పెడితే పిల్లవాడు తలూపుతాడు, ఇంటికి వెళ్ళి అద్దం కథే జ్ఞాపకం ఉంచుకుంటాడు. నూట డెబ్భై ఏళ్ళు దాటినా ఈ మనిషి బతికి ఉన్నాడంటే, అర్థశాస్త్రాన్ని వంటింట్లోకీ వడ్రంగి కొట్టులోకీ తెచ్చినందువల్ల. మన రచయితలు ఆ పని ఆర్థికశాస్త్ర శాఖలవారికి వదిలేశారు. మన విమర్శకులు అభ్యుదయ కథల్లో శిల్పం ఉందా లేదా అని కొట్టుకుంటూ కూర్చున్నారు. బాస్తియా మటుకు తలుపు తట్టి, ఒక వడ్రంగి కథ చెప్పి వెళ్ళిపోతున్నాడు.

గనక ‘చట్టం’ చదివిన విద్యార్థిని కసిరి పంపకండి. కూర్చోబెట్టి అతనితో కలిసి మళ్ళీ చదవండి. ప్రతి కథ దగ్గరా ఆపి, బాస్తియా నేర్పిన ప్రశ్ననే వెయ్యండి: ఇక్కడ కనిపించనివాడెవడు? ఆ పది రోజుల గ్రాసం లేని వడ్రంగి పేరేమిటి, వాడికి పెళ్ళాం బిడ్డలు ఎంతమంది, పలకలు ఇచ్చుకుంటూ ఎన్నేళ్ళు బతికాడు? వాడి కథ బాస్తియా రాయలేదు. అది రాయవలసింది మనం.